పాత అమెరికన్ కారును గుర్తుపట్టడం: ముందు అద్దం, చివర పేరు

విశాఖలో పాత కుటుంబాల ఆల్బములు తిరగేస్తే 1950ల నాటి పెద్ద కారు ఒకటి తగలడం మామూలే. చిక్కేమిటంటే దాని ముందు పెళ్ళివారంతా వరసగా నిలబడి ఉంటారు. గ్రిల్లు (ముక్కు మీది జాలీ) కనపడదు, నంబరు ప్లేటు ఎవరి పంచె చాటునో ఉంటుంది, బానెట్ మీది బొమ్మకి బంతిపూల దండ వేసేసి ఉంటారు. ఇంట్లో పెద్దవాళ్ళని అడిగితే "షవర్లెట్టు" అనో "ప్లిమత్తు" అనో చెప్తారు. వాళ్ళ దృష్టిలో పెద్ద కార్లన్నీ ఆ రెండే.

కాబట్టి పేరుతో మొదలుపెట్టకండి. పేరు, గ్రిల్లు, బంపరు, చక్రాల మూతలు ఇవన్నీ స్క్రూలు విప్పితే మారిపోయేవి. డెబ్భై ఏళ్ళలో అవి ఎన్నిసార్లు మారాయో ఎవరికీ తెలియదు. ముందు అద్దం, టాపు, తలుపుల కోత, పెట్రోలు మూత ఉన్న చోటు మార్చాలంటే మాత్రం కారంత ఖర్చవుతుంది. కనక వాటితో ఏడాది తేల్చుకుని, ముక్కుతో కంపెనీ తేల్చుకుని, పేరు చివర చదవాలి.

మన దగ్గర పేరు నమ్మకపోవడానికి ఇంకో కారణముంది. విశాఖలో సింధియా షిప్‌యార్డు పెట్టిన వాల్‌చంద్ హీరాచందే బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ కూడా పెట్టాడు. అమెరికాలోని క్రైస్లర్ కంపెనీ నుంచి విడిభాగాలు తెప్పించి 1940ల చివర్లోంచి అక్కడ డాడ్జ్, డిసోటో, ప్లిమత్ మూడూ బిగించేవారు. డాడ్జ్ కింగ్స్‌వే, డిసోటో డిప్లొమాట్ అని అమ్మినవి నిజానికి ప్లిమత్ బాడీలే. ముందు గ్రిల్లు, బానెట్ బొమ్మ, అక్షరాలు మారేవి, అంతే. పెద్దాయన "అది డిసోటో", పక్కింటాయన "కాదు ప్లిమత్" అని వాదించుకుంటే ఇద్దరి మాటా నిజమే కావచ్చు.

ముందు అద్దం ఏం చెప్తుంది

ఫొటోలో జనం ఎంతమంది ఉన్నా తలల పైనించి ముందు అద్దం కనిపిస్తూనే ఉంటుంది. అద్దం రెండు ముక్కలై మధ్యలో నిలువు పట్టీ ఉంటే అది షెవ్రొలెట్‌లో 1952 దాకా, ఫోర్డ్‌లో 1951 దాకా, ప్లిమత్‌లో 1952 దాకా నడిచిన పద్ధతి. ఒకే ముక్కగా కొద్దిగా వంగి ఉంటే ఆ తర్వాతది. అద్దం చివరలు తలుపు వైపు చుట్టుకొచ్చి, పక్క స్తంభం మోకాలులా మడత పడి ఉంటే షెవ్రొలెట్, పాంటియాక్, ఫోర్డ్‌లలో 1955 నుంచి, బ్యూయిక్, ఓల్డ్స్‌మొబీల్, కాడిలాక్‌లలో ఏడాది ముందు, 1954 నుంచి.

ఇది ఎంత పనికొస్తుందో ఒక ఉదాహరణ. షెవ్రొలెట్ గ్రిల్లులో నిలువుగా అయిదు పళ్ళు ఉన్నాయనుకోండి. 1952 కారుకీ అయిదే, 1954 కారుకీ అయిదే. పళ్ళు లెక్కపెట్టినవాడు రెండిట్లో ఏదో చెప్పలేడు. అద్దం మధ్యలో పట్టీ ఉంటే 1952, లేకపోతే 1954. మూడే పళ్ళుంటే 1953.

తర్వాత పక్క భాగం చూడండి. వెనక మడ్‌గార్డు విడిగా ఉబ్బెత్తుగా బయటికి వచ్చి ఉంటే 1940ల తీరు. ముందు దీపం నుంచి వెనక దీపం దాకా ఒకే గోడలా సాగిపోతే కొత్త తీరు. ఫోర్డ్ ఈ పని 1949లోనే చేసింది. షెవ్రొలెట్ మాత్రం వెనక ఉబ్బును 1954 దాకా వదల్లేదు. ఈ ఒక్క తేడాతో 1950ల మొదటి సగంలో ఫోర్డ్‌నీ షెవ్రొలెట్‌నీ ముక్కు చూడకుండానే విడదీయొచ్చు.

ముందు దీపాలు పక్కకి ఒకటి చొప్పున ఉంటే 1957, అంతకు ముందు. రెండేసి చొప్పున నాలుగుంటే దాదాపుగా 1958, ఆ తర్వాత. 1957లోనే నాలుగు దీపాలు పెట్టిన ఖరీదైన కార్లు కొన్ని ఉన్నాయి గానీ అవి మన ఆల్బముల్లో తగలడం అరుదు.

1943, 1944 మోడల్ అని ఎవరైనా చెప్తే ఒప్పుకోకండి. యుద్ధం కోసం 1942 ఫిబ్రవరిలో అమెరికాలో మామూలు కార్ల తయారీ ఆపేశారు. 1945 మధ్యలో మళ్ళీ మొదలుపెట్టారు. 1946 నుంచి 1948 దాకా వచ్చినవి చాలావరకు 1942 బాడీలకే కొత్త గ్రిల్లు తొడిగినవి. అందుకే ఆ మూడేళ్ళ కార్లను ఫొటోలో ఏడాదికేడాది విడదీయడం కష్టం. "1946–48" అని రాసి ఊరుకోవడం మంచిది.

ముక్కు

గ్రిల్లు మధ్యలో తుపాకి గుండు లాంటి గుండ్రటి బొడిపె ఒకటుంటే 1949 లేదా 1950 ఫోర్డ్. బానెట్ ముందు ఫోర్డ్ అని విడి అక్షరాలుంటే 1949, డాలు గుర్తుంటే 1950. బొడిపెలు రెండుంటే 1951. బొడిపె గ్రిల్లులో కాక ముక్కు మొనలోనే, విమానం ముందు భాగంలా పొడుచుకొచ్చి ఉంటే అది స్టూడీబేకర్, 1950 లేదా 1951. ఇదీ మన దేశానికి బాగానే వచ్చింది. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్‌వాళ్ళు బిగించేవారు. 1947 నుంచి 1952 దాకా వచ్చిన స్టూడీబేకర్ రెండు తలుపుల కార్లలో స్టార్‌లైట్ అనే రకానికి వెనక అద్దం చుట్టూ తిరిగి పక్కలకు వస్తుంది. దూరాన్నించి చూస్తే ముందేదో వెనకేదో తెలియదు.

బ్యూయిక్‌ను పోల్చుకోవడం అన్నిటికంటే తేలిక. ముందు మడ్‌గార్డు పక్కన గుండ్రటి కన్నాలు వరసగా ఉంటాయి. 1950 నుంచి 1953 దాకా కన్నాలు నాలుగుంటే రోడ్‌మాస్టర్, మూడుంటే సూపర్ గానీ స్పెషల్ గానీ. గ్రిల్లు పళ్ళు కిందికి జారి బంపరును కప్పేస్తే 1950. కన్నాలు మాత్రం చూసి మోసపోవద్దు. ఆ రోజుల్లో వేరే కార్లకి కూడా అలాంటి కన్నాల బిళ్ళలు తెచ్చి అతికించుకునేవారు.

పాంటియాక్‌కి బానెట్ నడినెత్తిన వెండి చారలు పొడుగునా ఉంటాయి, కొసన రెడ్ ఇండియన్ నాయకుడి తల. చారలు 1956తో ఆగిపోయాయి. ప్లిమత్‌కి తెరచాప ఓడ, డాడ్జ్‌కి కొమ్ముల పొట్టేలు. బొమ్మలు పిల్లలు విరిచేసేవి, దొంగలు ఎత్తుకెళ్ళేవి కనక వాటిని సాక్ష్యంగా ఆఖరున పెట్టుకోండి.

షెవ్రొలెట్ 1955, 1956, 1957 మూడింటి బాడీ ఒకటే కాబట్టి అందరూ తికమకపడేది ఇక్కడే. 1955 గ్రిల్లు చిన్నది, చదరపు గళ్ళ జాలీ, దీపాలకీ గ్రిల్లుకీ మధ్య రంగు రేకు కనిపిస్తుంది. 1956 గ్రిల్లు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంటుంది. 1957కి వెనక మడ్‌గార్డులు రెక్కలవుతాయి, బానెట్ మీద జంటగా రెండు రాకెట్ బొమ్మలు వస్తాయి, చక్రం 15 అంగుళాల నుంచి 14కి తగ్గుతుంది. బెల్ ఎయిర్ అయితే గ్రిల్లు జాలీకి బంగారు రంగు. తెలుపు నలుపు ఫొటోలో ఆ రంగు తెలియదు, దాని కోసం కళ్ళు పాడుచేసుకోవద్దు.

పెట్రోలు మూత ఎక్కడుందో చెప్తే చాలా కార్లు బయటపడతాయి. 1956 షెవ్రొలెట్‌లో అది ఎడమ వెనక దీపం వెనకాల దాక్కుంది, దీపం మడిస్తే కనిపిస్తుంది. 1957లో ఎడమ రెక్క చివరి క్రోమియం పట్టీలో. 1952 ఫోర్డ్‌లో వెనక నంబరు ప్లేటు వెనక. కాడిలాక్‌లో 1941 నుంచి 1950ల మధ్య దాకా ఎడమ వెనక దీపం కిందే.

షెవ్రొలెట్, బ్యూయిక్, పాంటియాక్‌లు చేసే జనరల్ మోటార్స్ బొంబాయి శివ్రీలో 1928 నుంచి బిగిస్తూ వచ్చి 1954లో మూసేసింది. ఫోర్డ్ కూడా ఇంచుమించు అప్పుడే మానేసింది. అందుచేత మన ఫొటోల్లో షెవ్రొలెట్, ఫోర్డ్‌లు 1954కి ముందువి ఎక్కువ కనిపించడం సహజం. 1957 బెల్ ఎయిర్ కనిపిస్తే అది విడిగా దిగుమతైన బండి అనుకుని, స్టీరింగ్ ఎటు వైపుందో తప్పకుండా చూడండి.

కొలత తీయడం

అసలు డిసోటోనా, ప్లిమత్ బాడీ మీద డిసోటో ముక్కా అన్నది బొమ్మలతో తేలదు, కొలతతో తేలుతుంది. 1949–52 మధ్య అమెరికాలో అమ్మిన అసలు డిసోటోకి ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి 125.5 అంగుళాలు. డిప్లొమాట్‌కి 118.5. డాడ్జ్‌లో కారొనెట్‌కి 123.5, కింగ్స్‌వేకి 118.5. బండి ఎదురుగా ఉంటే టేపు పెట్టండి: ముందు చక్రం మధ్య బిందువు నుంచి వెనక చక్రం మధ్య బిందువు దాకా, స్టీరింగ్ తిన్నగా ఉంచి, రెండు పక్కలా తీసి సగటు కట్టాలి. రెండు పక్కలకీ అర అంగుళం కంటే ఎక్కువ తేడా వస్తే బండి ఎప్పుడో గుద్దుకుని చాసిస్ (కింది చట్రం) వంగిందన్నమాట, లేదా వెనక కమాను కట్టల మధ్య బోల్టు తెగి ఇరుసు జరిగింది.

ఫొటోలోనైతే కారు సరిగ్గా పక్క నుంచి కనిపించాలి, ఏటవాలుగా ఉంటే ఈ లెక్క పనికిరాదు. 15 అంగుళాల రిమ్ము బయటి అంచు కొలత నిజానికి 16.5 దగ్గర ఉంటుంది. ఎందుకంటే ఆ 15 టైరు కూర్చునే చోటి కొలత, దాని మీద అంచు లేస్తుంది. ఫొటోలో ఇరుసుల మధ్య దూరాన్ని మిల్లీమీటర్లలో కొలిచి, రిమ్ము అంచు నుంచి అంచుకి ఉన్న నిలువు కొలతతో భాగించండి. 7.2 వస్తే ప్లిమత్ బాడీ, 7.6 వస్తే అసలు డిసోటో. ఫొటోను 600 డీపీఐకి తగ్గకుండా స్కాన్ చేయించి పెద్దది చేసి కొలిస్తేనే ఈ తేడా దక్కుతుంది. సెల్‌ఫోనుతో ఫొటోకి ఫొటో తీస్తే అంచులు వంగి లెక్క తప్పుతుంది.

బండే దొరికితే

ఇంజిన్ చూడండి, కానీ ఇంజిన్‌నే నమ్మకండి. పెట్రోలు ఖర్చు భరించలేక డీజిల్ ఇంజిన్లు దింపిన బండ్లు మన దేశంలో బోలెడు. పాత ఇంజినే ఉంటే మాత్రం కంపెనీ చిటికెలో తెలుస్తుంది. స్పార్క్ ప్లగ్గులు నెత్తిన నిలువుగా గుచ్చినట్టుండి, పైన రేకు మూత లేకపోతే వాల్వులు పక్కనున్న పాత తరహా: ప్లిమత్, డాడ్జ్ ఆరు సిలిండర్లు, 1954 దాకా పాంటియాక్, 1953 దాకా ఫోర్డ్ వీ8. పైన పొడుగాటి రేకు మూత, ప్లగ్గులు పక్కన ఉంటే షెవ్రొలెట్ ఆరు సిలిండర్లది కావచ్చు.

ప్లిమత్ ఇంజిన్ నంబరు బ్లాకు ఎడమ పక్కన, ముందు భాగంలో, డైనమోకి పైన చిన్న చదును మీద కొట్టి ఉంటుంది. మొదటి అక్షరాలే మోడల్: పీ15 అంటే 1946–48, పీ20 అంటే 1950, పీ24 అంటే 1953. అక్కడ డెబ్భై ఏళ్ళ ఆయిలు మడ్డి పేరుకుని ఉంటుంది. మెకానిక్ గ్రైండరు తీసుకుంటే ఆపండి. ఒక్కసారి తగిలితే అక్షరాలు చెరిగిపోతాయి, నంబరు చెరిపిన బండికి రవాణా కార్యాలయంలో ఎంత వివరణ ఇచ్చినా సరిపోదు. గుడ్డని కిరసనాయిల్లో తడిపి పావుగంట అంటించి ఉంచండి, ఇత్తడి బ్రష్షుతో మెల్లగా రుద్దండి, ఆరాక చాక్‌పీసు అడ్డంగా పట్టి పూయండి. గుంటల్లో తప్ప పైనంతా తెల్లబడి అక్షరాలు నల్లగా తేలతాయి. అప్పుడు టార్చిని పక్కనించి వేసి ఫొటో తీసుకోండి.

అమెరికాలో తయారైన షెవ్రొలెట్‌కి సీరియల్ నంబరు ఎడమ ముందు తలుపు స్తంభం మీద పళ్ళెంలో ఉంటుంది. అది "వీసీ57ఎఫ్" అని మొదలైతే వీ అంటే వీ8 ఇంజిన్, సీ అంటే బెల్ ఎయిర్, 57 ఏడాది, ఎఫ్ అంటే ఫ్లింట్ ఫ్యాక్టరీ. వీ లేకుండా మొదలైతే ఆరు సిలిండర్లది. వీ లేని నంబరు మీద వీ8 అక్షరాలు అతికించి ఎక్కువ ధర చెప్పేవాళ్ళుంటారు.

బ్యాటరీ తగిలించే ముందు ఒక్క క్షణం ఆగండి. 1955కి ముందు ఈ బండ్లు చాలావరకు 6 వోల్టులవి. పైగా క్రైస్లర్ వంశం, ఫోర్డ్, స్టూడీబేకర్‌లకి ప్లస్ చివరే బాడీకి ఎర్తు. షెవ్రొలెట్‌కి మామూలుగా మైనస్. షెవ్రొలెట్ 1955లో, ఫోర్డ్, ప్లిమత్ 1956లో 12 వోల్టులకు మారాయి. "సెల్ఫు నీరసంగా తిరుగుతోంది, బ్యాటరీ మార్చాం, అయినా అంతే" అన్న ఫిర్యాదుకి చాలాసార్లు కారణం వైరు. 6 వోల్టులకి కరెంటు రెట్టింపు లాగుతుంది, ఇప్పటి కార్లకు వాడే సన్న కేబులు వేస్తే అది వేడెక్కి ఓల్టేజీ మింగేస్తుంది. బొటనవేలంత లావు రాగి కేబులు వేసి, ఎర్తు చోట రంగు గీకి ఇనుము తేలాక బిగించండి.

చక్రాలు విప్పించేటప్పుడు తోడుండండి. ప్లిమత్, డాడ్జ్, డిసోటోలకి ఎడమ పక్క చక్రాల బోల్టులు ఉల్టా మర, అంటే విప్పాలంటే గడియారం తిరిగే వైపు తిప్పాలి. బోల్టు తల మీద ఎల్ అని ఉంటుంది. ఆటోనగర్‌లో కుర్రాడికి ఈ సంగతి తెలియక ఎయిర్ గన్ పెట్టి బిగువు మీద బిగువు వేస్తే బోల్టు తెగి డ్రమ్ములోనే ఉండిపోతుంది, డ్రిల్లు వేసి తీయడానికి పూట పడుతుంది.

సముద్రం గాలి

బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, భీమిలి వైపు షెడ్లలో ఉన్న బండికి పైన నిగనిగలాడే పెయింటు చూసి పొంగిపోవద్దు. ఉప్పు గాలి తడి కింది నుంచి తింటుంది. తలుపుల కింద పొడుగునా ఉండే రేకు పెట్టె, డిక్కీలో స్టెప్నీ గుంట, ముందు కాళ్ళు పెట్టుకునే నేల, ముందు అద్దం కింద గాలి వచ్చే కంత, ఈ నాలుగు చోట్లా వేళ్ళతో నొక్కి చూడండి. చిన్న అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి రేకు మీద జరపండి. ఎక్కడ పట్టు తప్పి జారిపోతుందో అక్కడ కింద రేకు లేదు, లప్పం ఉంది.

క్రోమియం సామాన్లలో బంపరు ఇనుము, దానికి మళ్ళీ పూత వేయించొచ్చు. బానెట్ బొమ్మలు, దీపాల చట్రాలు, అక్షరాలు మాత్రం జింకు పోత. వాటి మీద మొటిమల్లా పొక్కులు వస్తే లోపల లోహమే చెడిందని అర్థం. మామూలు ప్లేటింగ్ షాపులో ఆమ్లం తొట్టిలో ముంచితే మొటిమ గుంటై, గుంట కన్నమై తిరిగొస్తుంది. జింకు పని తెలిసినవాళ్ళు దొరికేదాకా అలాగే ఉంచి, మంచినీళ్ళతో తుడిచి మైనం రాయండి. బండికి ప్లాస్టిక్ పట్టా కప్పితే తెల్లవారేసరికి దాని అడుగున చెమ్మ పట్టి ఉంటుంది, నూలు గుడ్డ నయం.

జీపులు, పెళ్ళి కార్లు

యుద్ధ కాలం జీపు అని చెప్పేవాటిలో చాలావరకు తర్వాతివే. ముందు రేకులో నిలువు చీలికలు తొమ్మిదుంటే యుద్ధం నాటిది, ఏడుంటే తర్వాతి పౌర జీపు. తొమ్మిదీ ఉంటే గ్రిల్లు వెనక వంగి చాసిస్ ముందు అడ్డ కమ్మీ చూడండి: గుండ్రటి గొట్టమైతే విల్లీస్, తిరగేసిన కాలువలా ఉంటే ఫోర్డ్. ఫోర్డ్ బోల్టుల తలల మీద ఎఫ్ అక్షరం కూడా ఉంటుంది. బానెట్ ఎత్తుగా లేచి ఉంటే అది మహీంద్రా చాలా ఏళ్ళు చేసిన సీజే3బీ.

పెళ్ళి ఊరేగింపుకి వచ్చే టాపు లేని "ఫారిన్ కారు" సంగతి వేరు. 1950ల షెవ్రొలెట్‌లో నాలుగు తలుపుల టాపులెస్ కారు కంపెనీ చేయలేదు. నాలుగు తలుపులుండి టాపు లేకపోతే అది కోసేసిన సెడాన్. రెండు తలుపులే ఉంటే కింద పడుకుని చాసిస్ చూడండి, 1957 దాకా అసలు దానికి మధ్యలో ఎక్స్ ఆకారంలో బలమైన కమ్మీ ఉంటుంది. టాపు కోసిన బండికి అది ఉండదు. కొన్నాళ్ళకి నడుం కుంగి తలుపులు పడవు.

పెద్దవాళ్ళని అడగడం

"ఏ కారు తాతగారూ?" అని అడగకండి, వచ్చే జవాబు మీకు ముందే తెలుసు. కళ్ళకన్నా చేతులకీ కాళ్ళకీ జ్ఞాపకం గట్టిది, వాటినే కదపండి. స్టార్ట్ చేయడానికి ఏం నొక్కేవారు? క్లచ్ పూర్తిగా తొక్కితే సెల్ఫు తిరిగేదంటే స్టూడీబేకర్. యాక్సిలరేటర్ తొక్కితే స్టార్టయ్యేదంటే బ్యూయిక్. షెవ్రొలెట్‌లో 1948 దాకా విడిగా కాలి మీట, 1949లో డాష్ మీద బటన్. సింహాచలం కొండెక్కుతూ ఆపితే బండి వెనక్కి జారేదా? క్లచ్ తొక్కి ఉంచితే చాలు బ్రేకు పట్టుకునే ఏర్పాటు స్టూడీబేకర్‌లో ఉండేది. వానలో ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే వైపర్లు నిలిచిపోయేవా? ఇంజిన్ పీల్పు మీద నడిచే వైపర్లు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఆగిపోతాయి, వదిలితే పరుగెడతాయి. ఫోర్డ్, షెవ్రొలెట్ నడిపినవాళ్ళకి ఈ బాధ బాగా గుర్తుంటుంది. పెట్రోలు పోసేవాడు ఎటు వెళ్ళి నిలబడేవాడు? వెనక నంబరు ప్లేటు దగ్గరా, దీపం దగ్గరా? ఈ ప్రశ్నతో ఎంత పాత సంగతైనా కదులుతుంది.

వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి, సరిదిద్దకండి. "ఎర్ర షవర్లెట్టు" అన్నది తర్వాత డాడ్జ్ అని తేలినా "ఎర్ర" అన్నమాట ఫొటో ఇవ్వలేని సమాచారం. ఫొటో వెనక రాయాలనుకుంటే మెత్తటి పెన్సిలు వాడండి. బాల్‌పెన్ను ఒత్తు ముందు వైపుకి తేలుతుంది.

కాగితాలు

ఆర్సీలో ఉన్న ఏడాదిని మోడల్ ఏడాది అనుకోవద్దు. అమెరికాలో 1953 మోడల్ 1952 చివర్లోనే బయటికొచ్చేది. అది ఓడెక్కి, బొంబాయిలో బిగింపు అయి, ఇక్కడ రిజిస్టరయ్యేసరికి ఏడాది రెండేళ్ళు గడిచిపోవచ్చు. అద్దం, గ్రిల్లు 1953 అంటుంటే, ఆర్సీ 1954 అంటుంటే రెండూ సరే. ఆర్సీ కంటే బాడీ కొత్తదైతేనే అనుమానించాలి. అప్పుడు వేరే బండి కాగితాలు దీనికి తగిలించి ఉంటారు.

2021 జూలై నాటి కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. ఫారం 20, ఇన్సూరెన్సు, పాత ఆర్సీ, దిగుమతి బండైతే బిల్ ఆఫ్ ఎంట్రీ (కస్టమ్స్ దిగుమతి కాగితం) కావాలి. కొత్త నమోదుకి రూ. 20,000, మళ్ళీ నమోదుకి రూ. 5,000. పదేళ్ళు చెల్లుతుంది, నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ వస్తుంది. ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలుకి, రిపేరుకి తప్ప రోజువారీ తిరగడానికీ, అద్దెకీ వీల్లేదు, అంటే పెళ్ళిళ్ళకి తిప్పుదామనుకున్నవాళ్ళకి ఇది పనికిరాదు. డీజిల్ ఇంజిన్ దింపిన బండికి "అసలు రూపం" దగ్గరే అభ్యంతరం రావచ్చు. అందుకే చాక్‌పీసుతో తీసిన ఇంజిన్ నంబరు ఫొటోను ఆర్సీ పక్కన పెట్టి ఒక్కొక్క అక్షరం పోల్చుకోండి. పీ20 బండికి పీ24 ఇంజిన్ ఉందని తేలితే దరఖాస్తు పెట్టకముందే ఆర్సీలో ఇంజిన్ మార్పు నమోదై ఉందో లేదో కనుక్కోండి.